మెత్తగా కనిపించే దారి: ఫ్రాన్స్ అడవుల్లో సైకిల్ తొక్కాలంటే ఏం తెలిసి ఉండాలి?

2023 ఆగస్టులో మా ఖాలా కొడుకు సైకిల్‌ని అట్టపెట్టెలో సర్దుకుని ఫ్రాన్స్ వెళ్లాడు. మూడేళ్లు చిట్టీ కట్టి కూడబెట్టిన డబ్బు, దగ్గర దగ్గర మూడు లక్షలు, ఆ ఒక్క ప్రయాణానికే పెట్టాడు. పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే 1200 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం అది. 90 గంటల్లో పూర్తి చేయాలి. భయ్యా 780 కిలోమీటర్ల దగ్గర, లూదేయాక్ అనే ఊళ్లో ఆగిపోయాడు. కాళ్లు పని చేయడం మానేశాయి, టైమూ అయిపోయింది.

ఇంటికొచ్చాక ఖాలా అడిగిన మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం. "గంత డబ్బు పెట్టి గా అడవుల సైకిల్ తొక్కుడేంది బేటా, మన అనంతగిరి లేదా?"

ఇప్పుడు అదే భయ్యా, ఈసారి భాబీతో కలిసి, మళ్లీ అటే వెళ్తానంటున్నాడు. పోటీ వద్దట, గడువు వద్దట, నింపాదిగా వారం పదిరోజులు తొక్కుతారట. ఖాలా నన్ను పిలిచి, "నువ్వు లెక్కలు చదివినవ్ గదా, చూసి చెప్పు" అంది. నేను చదివింది బీకామ్, సైకిళ్ల గురించి కాదు. అయినా చూశాను. అడిగాను. ఆ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే హైదరాబాద్, విజయవాడ, గుంటూరు వైపు మన పిల్లల్లో సైకిల్ పిచ్చి పెరుగుతోంది. రేపు మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట ఎత్తొచ్చు.

అడవులు రాజులవి, దారులు జనానివి

ఫ్రాన్స్ అంటే మనకి ఈఫిల్ టవర్, లేదంటే టీవీలో టూర్ డి ఫ్రాన్స్ వాళ్లు ఎక్కే పెద్ద పెద్ద కొండలు. మనం మాట్లాడుకునే ప్రాంతం ఈ రెండూ కాదు. పారిస్ నుంచి నైరుతి, పడమర దిక్కుల్లో, ఆల్ప్స్ కొండలకి చాలా దూరంగా ఉన్న పల్లె ప్రాంతం ఇది. ముందు షెవ్రోజ్ లోయ, దాన్ని ఆనుకుని రాంబుయే అడవి, తర్వాత షార్త్ర చుట్టూ గోధుమ పొలాలు, ఆ తర్వాత పెర్ష్ అనే గుట్టల ప్రాంతం, చివరికి నార్మండీ సముద్ర తీరం.

పారిస్‌కి ఇంత దగ్గరలో ఇంత అడవి ఎలా మిగిలింది అని నాకూ అనుమానం వచ్చింది. జవాబు సులువే. అవి రాజుల వేట అడవులు. రాంబుయే అడవిలో రాజులు వేటాడేవాళ్లు, అక్కడి కోట తర్వాతి కాలంలో అధ్యక్షుల విడిదిగా కూడా మారింది. చెట్లు కొట్టేయకుండా 1669లోనే పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ పెద్ద అటవీ చట్టం తెచ్చాడు. ఓడలు కట్టడానికి మంచి ఓక్ కలప కావాలని వాళ్ల లెక్క. పెర్ష్‌లోని బెలెమ్ అడవిలో ఇప్పటికీ నిటారుగా పెరిగిన ఆ ఓక్ చెట్లకు పేరు. వేటగాళ్లు గుర్రాల మీద వెళ్లడానికి వీలుగా తిన్నగా వేసిన బాటలు, ఒకేచోట నక్షత్రంలా కలిసే కూడళ్లు ఈ అడవుల్లో కనిపిస్తాయి. రాజు గుర్రం కోసం వేసిన బాట మీద ఇవాళ మామూలు జనం సైకిల్ తొక్కుతున్నారు.

మూడు రకాల దారులు

అక్కడ సైకిల్ దారి అంటే ఒక్క రకం కాదు. ఇది అర్థం కాకపోతే ప్లాన్ మొత్తం తప్పుతుంది.

మొదటిది చిన్న రోడ్డు. మ్యాప్‌లో 'డి' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. మన జిల్లా రోడ్ల లాంటివి అనుకోండి. రెండు ఊళ్లను కలిపే సన్నటి తారు రోడ్డు, గంటకి నాలుగైదు కార్లు, పక్కన కంచెలా పెరిగిన చెట్లు. రోడ్డు సైకిల్ తొక్కేవాళ్లకి ఇవే ప్రాణం.

రెండోది 'వా వెర్ట్'. పచ్చ దారి అని అర్థం. మోటారు బండ్లకి అసలు ప్రవేశం లేదు. సైకిళ్లు, నడిచేవాళ్లు, కొన్నిచోట్ల గుర్రాలు. వీటిలో చాలా వరకు పాత రైలు మార్గాలే. రైళ్లు ఆగిపోయాక పట్టాలు పీకేసి దారి చేశారు. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు కదా, వంద మీటర్లకి ఒకటి రెండు మీటర్లకు మించి లేవకుండా కొండ తవ్వి, పల్లం పూడ్చి లైను వేసేవాళ్లు. ఆ పని ఇప్పుడు సైకిల్ వాళ్లకి కలిసొచ్చింది. కోందే సుర్ ఉయిన్ అనే ఊరి నుంచి అలాన్‌సోన్ దాకా 60 కిలోమీటర్లకు పైగా ఇలాంటి దారే. పదేళ్ల పిల్ల కూడా తొక్కగలదు. కాకపోతే చాలాచోట్ల తారు ఉండదు, గట్టిగా అణిచిన సన్న కంకర ఉంటుంది. మరీ సన్నటి రేసింగ్ టైర్లు తీసుకుపోతే చేతులు నొప్పి పుడతాయి. 32 మిల్లీమీటర్ల టైర్ అయితే హాయి.

మూడోది పేరు పెట్టిన పొడవాటి రూట్. పై రెండింటినీ కలిపి, దారి పొడవునా బోర్డులు పెట్టి, ఒక పేరు పెడతారు. ల్వార్ నది వెంట వెళ్లేది 'ల్వార్ ఆ వెలో', సుమారు 900 కిలోమీటర్లు. పారిస్ నుంచి మోన్ సాన్ మిషెల్ దాకా వెళ్లేది 'వెలోసెనీ', సుమారు 450 కిలోమీటర్లు. భయ్యా, భాబీ ఎంచుకున్నది ఈ రెండోదే.

మెత్తటి గుట్టలే కాళ్లు విరుస్తాయి

వెలోసెనీ సంగతికి వెళ్లేముందు భయ్యా ఎందుకు ఆగిపోయాడో చెప్పాలి. ఎందుకంటే రెండు దారులూ ఒకే నేల మీద నడుస్తాయి. పెర్ష్ గుట్టలు అందరికీ ఒకటే.

పారిస్–బ్రెస్ట్–పారిస్ మొదటిసారి 1891లో జరిగింది. అప్పుడది పోటీ. షార్ల్ తెరోన్ అనే ఆయన 71 గంటల పైచిలుకులో గెలిచాడు. 1931 నుంచి మామూలు జనం కోసం, ప్రైజులు లేని పద్ధతిలో నడుస్తోంది. నాలుగేళ్లకి ఒకసారి మాత్రమే. 2019లో, 2023లో రాంబుయేలోని గొర్రెల పెంపకం క్షేత్రం నుంచి మొదలైంది. వచ్చేది 2027లో. దీనికి అర్హత కావాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెలు పూర్తి చేసి ఉండాలి. మన దగ్గర హైదరాబాద్‌లో కూడా ఈ బ్రెవెలు జరుగుతాయి. మన దేశం నుంచి గత రెండు సార్లూ వందల మంది వెళ్లారు. 2019లో అలా వెళ్లిన మనవాళ్లలో ఎక్కువ మంది గడువులోగా పూర్తి చేయలేకపోయారు. అంటే మా భయ్యా ఒక్కడి సమస్య కాదిది.

కారణం ఏంటి? అక్కడ పెద్ద కొండ ఒక్కటి కూడా లేదు. అదే చిక్కు. యాభై మీటర్లు, ఎనభై మీటర్లు లేచే గుట్టలు. ఎక్కగానే దిగుడు, దిగగానే వాగు, వాగు దాటగానే మళ్లీ ఎక్కుడు. ఒక్కో గుట్ట చూస్తే నవ్వొస్తుంది. మొత్తం కూడితే 1200 కిలోమీటర్లలో దాదాపు 12,000 మీటర్ల ఎక్కుడు! లెక్కల భాషలో చెప్పాలంటే చిల్లర ఖర్చులు కూడి కూడి దివాలా తీయించినట్టు.

మన బ్రెవెలు ఎక్కువగా హైవేల మీద జరుగుతాయి. హైవే వేసేటప్పుడు లారీల కోసం ఎత్తుపల్లాలు కోసి సర్దుతారు. ఫ్రాన్స్ పల్లె రోడ్డు అట్లా కాదు, నేల ఎట్లా ఉంటే అట్లాగే పోతుంది. పైగా ఆ చిన్న రోడ్లలో చాలావాటి మీద తారు పోసి పైన కంకర చల్లే పద్ధతి. నున్నగా కనిపిస్తుంది కానీ టైర్‌ని పట్టి లాగుతుంది, రోజంతా సన్నగా వణికిస్తుంది. భయ్యా చేతి వేళ్లు రెండు నెలలు తిమ్మిరెక్కే ఉన్నాయి.

ఇంకోటి చలి. ఆగస్టు అంటే వాళ్లకి ఎండాకాలమే. పగలు 30 డిగ్రీలు ఉండొచ్చు. కానీ అర్ధరాత్రి దాటాక అడవి లోయల్లో పది డిగ్రీల కిందికి దిగే రాత్రులూ ఉంటాయి. చల్లగాలి బరువు కాబట్టి వాగు పక్కనే పేరుకుంటుంది. గుట్ట ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు వణుకు. మనవాళ్లు మే నెల ఎండల్లో ప్రాక్టీస్ చేసి వెళ్తారు. ఆ ఎండ అలవాటు ఈ చలికి పనికిరాదు.

అయినా భయ్యా ఆ దారిని తిట్టడు. రాత్రి రెండింటికి ఒక ఊళ్లో ఒక ముసలాయన, మనవరాలు ఇంటి ముందు బల్ల వేసుకుని వచ్చినవాళ్లందరికీ కాఫీ, నీళ్లు ఇస్తున్నారట. డబ్బులిస్తే తీసుకోలేదట. ఆ దారిలోని ఊళ్లలో ఇది ఆనవాయితీ, నాలుగేళ్లకోసారి వచ్చే పండగ లాగా చూస్తారు. ఆ ప్రయాణం పేరుతో చక్రం ఆకారంలో ఒక మిఠాయి కూడా ఉంది, దాని పేరే పారిస్–బ్రెస్ట్.

వెలోసెనీ: నింపాదిగా వెళ్లేవాళ్ల దారి

ఇప్పుడు అసలు ప్లాన్. పారిస్ నోత్ర్ దామ్ చర్చి ముందు నుంచి మొదలవుతుంది. ఊరు దాటడానికే సగం రోజు పోతుంది కాబట్టి చాలామంది లోకల్ రైలెక్కి షెవ్రోజ్ లోయలో దిగుతారు. పని రోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఆ రైళ్లలోకి సైకిల్‌ని రానివ్వరు, ఇది గుర్తుంచుకోండి. తొమ్మిదిన్నర తర్వాత ఎక్కితే గొడవ లేదు.

షెవ్రోజ్ నుంచి రాంబుయే దాకా లోయలు, అడవి. ఆదివారం పొద్దున పారిస్ సైకిల్ వాళ్లంతా ఇక్కడే ఉంటారు. తర్వాత మాంతెనోన్ అనే ఊళ్లో ఒక సగం కట్టిన రాతి వంతెన కనిపిస్తుంది. వెర్సాయ్ తోటలకి నీళ్లు తేవాలని పద్నాలుగో లూయీ 1680లలో మొదలుపెట్టిన కాలువ వంతెన అది. యుద్ధం వచ్చింది, పని ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. ఆగిపోయిన ఫ్లైఓవర్లు చూసిన మనకి ఇది కొత్తేం కాదు!

అక్కడి నుంచి షార్త్ర. ఇక్కడ అడవి ఉండదు. బోస్ అనే మైదానం, కనుచూపు మేర గోధుమే. రెండు శిఖరాలూ రెండు రకాలుగా ఉన్న షార్త్ర పెద్ద చర్చి చాలా దూరం నుంచే పొలాల మీద ఓడలా కనిపిస్తుంది. బాగుంటుంది కానీ గాలి ఎదురు తిరిగితే నరకం. ఈ దారిలో గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది, మీరు వెళ్లేదీ పడమరకే. అందుకే కొందరు మోన్ సాన్ మిషెల్ నుంచి పారిస్ వైపు తొక్కుతారు. నన్నడిగితే అదే తెలివైన పని, కానీ సముద్రాన్ని చివర్లో చూడాలన్నది భాబీ పట్టుదల.

నోజాన్ ల రోత్రూ దగ్గర పెర్ష్ మొదలవుతుంది. నాకు ఈ మొత్తం దారిలో బాగా నచ్చింది ఇదే. పొలానికీ పొలానికీ మధ్య మట్టి కట్ట, దాని మీద దట్టమైన చెట్ల కంచె. మధ్యలో ఓక్ అడవుల ముక్కలు. పెద్ద ఒళ్లున్న పెర్ష్‌రోన్ గుర్రాలు పుట్టింది ఇక్కడే. 1998 నుంచి ఈ ప్రాంతం ప్రాంతీయ ప్రకృతి పార్కుగా రక్షణలో ఉంది. ఆ కంచెలు గాలిని ఆపేస్తాయి కాబట్టి బోస్‌లో కష్టపడ్డవాళ్లు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటారు. పైన చెప్పిన పాత రైలు దారి కూడా ఇక్కడిదే. అంటే గుట్టల మధ్య ఉన్నా గుట్టలు ఎక్కక్కర్లేదు. భయ్యాని చంపిన పెర్ష్ భాబీకి షికారు అవుతుందన్నమాట.

అలాన్‌సోన్‌కి ఉత్తరాన ఎకూవ్ అడవి ఉంది. అందులో ఒక కూడలి దగ్గర ఒక పాత యుద్ధ ట్యాంకు నిలబెట్టి ఉంది. 1944 ఆగస్టులో జర్మన్ల మీద జనరల్ లెక్లేర్ దళం ఇక్కడ పోరాడింది. ఆ దళంలో మొరాకో పేరుతో ఉన్న స్పాహీల రెజిమెంట్ కూడా ఉంది. మన ఉర్దూ 'సిపాహీ', ఆ 'స్పాహీ' రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి.

దోంఫ్రోన్ దాటాక మళ్లీ పచ్చ దారి, ఆపిల్, పియర్ తోటలు, చివరికి సముద్రంలో గుట్ట మీద కట్టిన మోన్ సాన్ మిషెల్. వేసవి పగటి వేళల్లో వంతెన మీదకి సైకిల్‌ని రానివ్వరు. ఇవతల తాళం వేసి రెండున్నర కిలోమీటర్లు నడవాలి, లేదా బస్సెక్కాలి. తిరుగు ప్రయాణానికి దగ్గరి రైల్వే స్టేషన్ పోంతోర్సోన్. కొన్ని రైళ్లలో మనిషితో పాటు సైకిల్‌కి కూడా ముందే రిజర్వేషన్ చేయించాలి.

రోజుకి 50, 60 కిలోమీటర్లు పెట్టుకుంటే ఎనిమిది తొమ్మిది రోజుల్లో అయిపోతుంది.

రోడ్డు మీద పద్ధతులు

అన్నిటికంటే ముందు: అక్కడ కుడి వైపు నడపాలి. వినడానికి చిన్న విషయం. కానీ అలసిపోయినప్పుడు, కాఫీ తాగి మళ్లీ బయల్దేరేటప్పుడు మన ఒళ్లు ఎడమకే పోతుంది. భయ్యా హ్యాండిల్ మీద కుడి పక్క ఎర్ర టేపు అంటించుకున్నాడు. మంచి ఉపాయం.

రెండోది ఇంకా ప్రమాదం. పల్లెల్లో బోర్డు ఏమీ లేని కూడలిలో కుడి వైపు నుంచి వచ్చే బండికే ముందు హక్కు. మీది పెద్ద రోడ్డులా, అతనిది సందులా కనిపించినా సరే. వాళ్లు ఆగకుండా వచ్చేస్తారు, చట్టం వాళ్ల పక్షం.

మనకి అనుకూలమైన చట్టాలూ ఉన్నాయి. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు ఒకటిన్నర మీటర్ల దూరం వదలాలి, ఊళ్లో అయితే ఒక మీటరు. చాలామంది నిజంగానే పాటిస్తారు, దాటడానికి వీలు లేకపోతే వెనకాల ఓపిగ్గా వస్తారు. మొదటి రోజు మనకే సిగ్గేస్తుందట. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే 135 యూరోల ఫైన్. 12 ఏళ్ల లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకి చట్టం లేదు, అట్లాగని తల మీద వదిలేయకండి. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే జాకెట్ వేసుకోవాలి, ముందూ వెనకా లైట్లు ఉండాలి.

సెప్టెంబర్ తర్వాత వెళ్తే వేట కాలం. శని, ఆదివారాల్లో అడవి మొదట్లో వేట జరుగుతోందని బోర్డు పెడతారు. ఆ బాట వదిలి తారు రోడ్డు పట్టుకోండి.

తిండి, నీళ్లు, నమాజు

మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. పారిస్‌లో, షార్త్రలో, అలాన్‌సోన్‌లో హలాల్ మాంసం దొరుకుతుంది. పల్లెల్లో ఆశ పెట్టుకోవద్దు. పెర్ష్‌లోని మోర్తాన్య పట్టణం పంది రక్తంతో చేసే 'బుదాన్' అనే వంటకానికి దేశమంతా పేరు పొందింది, అక్కడ మాంసం దుకాణం వైపు చూడకపోవడమే మేలు. 'పోర్', 'జాంబోన్', 'లార్దోన్', 'సాందూ' ఈ నాలుగు మాటలూ పందికి సంబంధించినవే. పైకి గుడ్డు, చీజ్ కేకులా కనిపించే కీష్‌లో కూడా లార్దోన్ ముక్కలుంటాయి. నార్మండీలో సాస్‌లలో ఆపిల్ సారా పోసే అలవాటుంది, అడిగి తినాలి.

అట్లాగని పస్తులుండక్కర్లేదు. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్‌తో చేసే బగెత్ రొట్టె ప్రతి ఊళ్లో ఉంటుంది. గుడ్లు, చేపలు, పండ్లు, బక్‌వీట్ పిండితో దోసెలా పోసే గాలెత్ ఉన్నాయి. దాన్ని గుడ్డు, చీజ్‌తో అడగండి. చిక్కంతా టైమింగ్‌తోనే. భోజనం పన్నెండు నుంచి రెండు లోపే. రెండున్నరకి వెళ్తే వంటిల్లు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా దుకాణాలు తెరవరు. మన దగ్గర లాగా అర్ధరాత్రి కూడా టీ కొట్టు దొరుకుతుందనుకుంటే ఆకలితో పడుకోవాల్సిందే. ఆదివారానికి శనివారమే కొని పెట్టుకోవాలి.

నీళ్లకి అక్కడి సైకిల్ వాళ్ల చిట్కా ఒకటుంది: ఊరి శ్మశానం. పూల మొక్కల కోసం దాదాపు ప్రతి దాంట్లో కుళాయి ఉంటుంది. 'నోన్ పోతాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు.

జూన్, జూలై నెలల్లో అక్కడ సూర్యుడు రాత్రి పది దగ్గర అస్తమిస్తాడు. తొక్కడానికి వెలుగు బోలెడంత. కానీ మగ్రిబ్ పదికి, ఇషా ఇంకా ఆలస్యం, మళ్లీ ఫజ్ర్ తొందరగా వచ్చేస్తుంది. నిద్ర లెక్క ముందే వేసుకోవాలి. ఆడవాళ్ల సంగతి: ముఖం కప్పే నిఖాబ్ మీద 2011 నుంచి బహిరంగ ప్రదేశాల్లో నిషేధం ఉంది. తలకి కట్టుకునే స్కార్ఫ్ మీద రోడ్డు మీద అభ్యంతరం లేదు. భాబీ హెల్మెట్ కింద పట్టేలా పలచటి కాటన్ స్కార్ఫ్ కుట్టించుకుంది.

ఖర్చు దగ్గర ఆలోచించాల్సినవి

షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్స్ ఉండాలి. అందులో సైకిల్ మీద పడితే వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా అడగండి, ఇది చాలామంది చూడరు. వీసాకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు.

సొంత సైకిల్ తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? 1200 కిలోమీటర్లు పందెం తొక్కేవాడికి తన సైకిలే కావాలి. వారం షికారుకి నా లెక్కలో అద్దెదే నయం. పెట్టె ఖర్చు, విమానంలో రానూ పోనూ చార్జీ, దారిలో విరిగితే బాధ, అన్నీ కలిపితే పెద్దగా మిగలదు. కాకపోతే ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇవ్వొచ్చా అన్నది ముందే ఖాయం చేసుకోవాలి. బసకి 'అక్కేయ్ వెలో' అనే గుర్తున్న చోట్లు చూడండి. సైకిల్ పెట్టుకోవడానికి తాళం వేసిన గది, చిన్న రిపేరు సామాను ఉండాలన్నది ఆ గుర్తు షరతు. ఊరి మున్సిపాలిటీ నడిపే క్యాంపింగ్ స్థలాలు ఇంకా చవక, టెంట్ మోయగలిగితే.

ఇదంతా కాగితం మీద వేసి ఖాలాకి చూపించాను. ఆమె చివరి దాకా చదివించుకుని, "పెద్ద కొండలు లేవు గదా?" అని మళ్లీ అడిగింది. లేవన్నాను. రైలు దారి ఎంత దూరం, మధ్యలో దవాఖానా ఏ ఊళ్లో ఉంది అని భయ్యాని కూర్చోబెట్టి రాయించింది. టికెట్లు జూన్ మొదటి వారానికి చూస్తున్నారు. ప్రస్తుతం ఇద్దరూ ఆదివారాలు వికారాబాద్ వైపు ప్రాక్టీస్‌కి వెళ్తున్నారు, అనంతగిరి గుట్టకే.